విస్కీ పీపాకూ ఈసీ కావాలి: స్కాట్లండ్ కుటుంబ విస్కీ కంపెనీలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన స్కాచ్ విస్కీ కుటుంబ కంపెనీల యజమానులకు, బాండెడ్ గిడ్డంగుల (సుంకం కట్టని సరుకు ఉంచే గిడ్డంగుల) నిర్వాహకులకు నమస్కారం.

బ్రిటన్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాలకు కొన్నేళ్లుగా ఫోన్లు వస్తున్నాయి. విస్కీ పీపా కొనండి, పదేళ్లు ఉంచండి, పిల్లల చదువుకు అక్కరకొస్తుంది అన్నది వాటి సారాంశం. నమ్మి కొన్నవాళ్లలో కొందరికి తమ పీపా అసలు ఉందో లేదో ఇవాళ తెలియడం లేదు. వాళ్ల తరఫున గిడ్డంగులకూ డిస్టిలరీలకూ విడివిడిగా ఉత్తరాలు వెళ్లాయి. కొన్నింటికి జవాబే లేదు. జవాబు వచ్చిన చోట ఒకటే మాట: "మీరు మా ఖాతాదారు కాదు." అందుకే ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాం. పీపాల కొలతలు, బదిలీ కాగితాలు, సుంకం లెక్కలు మాకు రోజువారీ పని. తెలిసిన సంగతులే రాస్తున్నాం.

మీ సరుకు మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. మీ పేరు చెప్పి మధ్యవాళ్లు అమ్ముతున్న కాగితాల గురించే మా బాధంతా. ఆ కాగితం వెనక పీపా ఉందా లేదా అన్నది చెప్పగలిగేది మీరు మాత్రమే.

పెద్ద పెద్ద బహుళజాతి కంపెనీలు ఉండగా కుటుంబ కంపెనీలనే ఎందుకు అడుగుతున్నామంటే, కాగితానికీ పీపాకూ పొంతన లేకపోతే ఏమవుతుందో మీ తాతముత్తాతలు అనుభవించారు. అది మీ చరిత్రలోనే ఉంది.

స్కాట్లండ్‌లోని స్పేసైడ్ ప్రాంతంలో బెన్ రిన్నెస్ కొండ కింద ఉన్న గ్లెన్‌ఫార్‌క్లాస్ డిస్టిలరీనే తీసుకుందాం. రాబర్ట్ హే అనే రైతు 1836లో అక్కడ లైసెన్సు తీసుకున్నాడు. ఆయన పోయాక 1865లో పొరుగు రైతు జాన్ గ్రాంట్ 511 పౌండ్ల 19 షిల్లింగులకు డిస్టిలరీని కొన్నాడు. మొదట్లో ఆయనకు పశువులూ పొలమూ ముఖ్యం. డిస్టిలరీని బంధువైన జాన్ స్మిత్‌కు కౌలుకిచ్చాడు. స్మిత్ వెళ్లిపోయి క్రాగన్‌మోర్ డిస్టిలరీ కట్టుకున్నాక గ్రాంట్లు తామే విస్కీ తీయడం మొదలుపెట్టారు. జాన్ 1889లో, కొడుకు జార్జ్ 1890లో చనిపోయారు. ఏడాది తిరక్కుండా ఇంటికి ఇద్దరు పెద్దలు లేకుండా పోయారు. బాధ్యత మూడో తరం అన్నదమ్ములు జాన్, జార్జ్‌ల మీద పడింది.

ఆ వయసులో, ఆ ఇరకాటంలో వాళ్లకు పెట్టుబడి కావాల్సి వచ్చింది. 1895లో లీత్ రేవు విస్కీ వ్యాపారులు ప్యాటిసన్ అన్నదమ్ములతో కలిసి గ్లెన్‌ఫార్‌క్లాస్-గ్లెన్‌లివెట్ డిస్టిలరీ కంపెనీ పెట్టారు. వాటా చెరిసగం. ప్యాటిసన్లు అప్పట్లో విస్కీ లోకంలో వెలుగుతున్న పేరు. తమ సరుకు కొనమని అరిచేలా వందల చిలకలకు మాటలు నేర్పించి దుకాణాలకు పంచారని చెబుతారు. ప్రకటనల ఖర్చుకు అంతు లేదు, అప్పుకూ అంతు లేదు. నిల్వల విలువను పెంచి చూపారు. చవక ధాన్యపు విస్కీలో కాస్త మాల్ట్ (మొలకెత్తించిన బార్లీతో తీసిన విస్కీ) కలిపి గ్లెన్‌లివెట్ పేరు మీద అమ్మారు. 1898 డిసెంబరులో కంపెనీ దివాలా తీసింది. 1901లో కోర్టు రాబర్ట్ ప్యాటిసన్‌కు పద్దెనిమిది నెలలు, వాల్టర్‌కు అంతకంటే తక్కువ కాలం జైలు వేసింది.

జైలుకెళ్లింది ఇద్దరే కానీ మునిగిన కంపెనీలు చాలా. స్కాచ్ పరిశ్రమ మొత్తం ఏళ్ల తరబడి కోలుకోలేదు. గ్లెన్‌ఫార్‌క్లాస్ గ్రాంట్లు ఆ అప్పుల్లోంచి బయటపడి వాటా మొత్తం తిరిగి తమ చేతికి తెచ్చుకోవడానికి పదిహేనేళ్లకు పైగా పట్టింది. బయటివాళ్లకు వాటా ఇవ్వకూడదన్న ఆ ఇంటి పట్టుదల అక్కడ మొదలైంది. పాత నిల్వను అయినకాడికి అమ్మేయకుండా సొంత గిడ్డంగిలో ఉంచుకునే అలవాటు కూడా ఆ స్వతంత్రంతోనే కుదిరింది. 2007లో 1952 నుంచి 1994 దాకా వరసగా ఒక్కో ఏడాదికి ఒక్కో పీపా చొప్పున 43 పీపాలను "ఫ్యామిలీ కాస్క్స్" పేరుతో బయటికి తీయగలిగారంటే, ఏ పీపా ఎక్కడ ఉందో, ఎప్పుడు నింపారో, ఎంత మిగిలిందో రాసిన పుస్తకం తప్పులేకుండా ఉండబట్టే. 1981లో స్టిల్లుల (విస్కీ కాచే పాత్రల) కింద మంట తీసేసి ఆవిరితో వేడి చేసి చూశారు. విస్కీ తీరు మారిందని వెంటనే నేరుగా మంట పెట్టడానికే తిరిగొచ్చారు. ఖర్చు ఎక్కువైనా సరే. అంత పట్టింపు ఉన్న ఇంటిని ఇంకో చిన్న పట్టింపు అడగడం తప్పని మాకు అనిపించలేదు.

డఫ్‌టౌన్ ఊరి గ్రాంట్లది వేరే కుటుంబం, కథా వేరు, దెబ్బ మాత్రం అదే. విలియం గ్రాంట్ మోర్ట్‌లాక్ డిస్టిలరీలో ఇరవై ఏళ్లు పనిచేసి, గుమాస్తా నుంచి మేనేజరై, 1886లో బయటికొచ్చాడు. కార్డో డిస్టిలరీ యజమానురాలు ఎలిజబెత్ కమ్మింగ్ దగ్గర పాత స్టిల్లులూ మిగతా సామానూ 119 పౌండ్ల 19 షిల్లింగుల 10 పెన్నీలకు కొన్నాడు. తొమ్మిది మంది పిల్లలు చేయి వేయగా గ్లెన్‌ఫిడిచ్ డిస్టిలరీ కట్టాడు. 1887 క్రిస్మస్ నాడు మొదటి చుక్క దిగింది. 1893కి పక్కనే బాల్వెనీ కూడా నడిచింది. అప్పటిదాకా తీసిన విస్కీని కలిపి అమ్మే వ్యాపారులకు టోకుగా ఇచ్చేవాళ్లు. ప్యాటిసన్ల పతనంతో ఆ గిరాకీ దెబ్బతినగానే, మధ్యవాళ్లను నమ్ముకుంటే లాభం లేదని తామే కలిపి, సీసాలో నింపి అమ్మడానికి దిగారు. అల్లుడు చార్లెస్ గోర్డన్ గ్లాస్గో వీధుల్లో మొదటి పెట్టె అమ్మడానికి 503 గడపలు ఎక్కాడని ఆ కంపెనీయే చెప్పుకుంటుంది. ఇవాళ్టికీ ఆ కుటుంబానిదే కంపెనీ.

రెండు కుటుంబాలూ నేర్చుకున్నది ఒక్కటే. సరుకు ఎవరి చేతిలో ఉందో, దాని లెక్క ఎవరు రాస్తున్నారో తెలియకుండా పేరును బయటివాళ్ల చేతికి ఇవ్వకూడదు. ఇప్పుడు జరుగుతున్నది సరిగ్గా అదే.

ఎలా జరుగుతోందో చెబుతాం. డిస్టిలరీ కొత్తగా తీసిన స్పిరిట్‌ను పీపాల్లో నింపి వ్యాపారికి అమ్ముతుంది. పీపా మాత్రం బాండెడ్ గిడ్డంగిలోనే, సుంకం కట్టకుండా ఉంటుంది. ఆ వ్యాపారి ఇంకొకరికి, ఆయన మరొకరికి అమ్ముతారు. ప్రతిసారీ అమ్మినవాడు గిడ్డంగికి "డెలివరీ ఆర్డర్" రాయాలి. ఫలానా నంబరు పీపాను ఫలానా వారి పేరుకు మార్చండి అని చెప్పే కాగితం అది. గిడ్డంగి దాన్ని అందుకుని, తన పుస్తకంలో పేరు మార్చి, మార్చినట్టు రాసివ్వాలి. అప్పుడే చేయి మారినట్టు. మధ్యవాడు తన ఆఫీసులోనే అచ్చువేసి, బంగారు అంచు పెట్టి ఇచ్చే "యాజమాన్య ధ్రువపత్రం" ఆ పని చేయదు. గిడ్డంగి పుస్తకంలో పేరు మధ్యవాడిదే ఉంటుంది. అదే పీపాకు ఇంకో పది పత్రాలు అచ్చువేయడానికి అడ్డేమీ లేదు. ఒకే పీపాను పలువురికి అమ్మిన సంగతి 2025లో బీబీసీ పరిశోధనలో బయటపడింది. 1990లలోనూ ఇలాంటి మోసాలు జరిగాయి. పీపా వ్యాపారంపై బ్రిటన్ ఆర్థిక నియంత్రణ సంస్థ పర్యవేక్షణ లేదు. డబ్బు పోతే నష్టపరిహార పథకమూ వర్తించదు.

దీనివల్ల మామూలు జనానికి జరుగుతున్నది ఇదీ:

1. మోసం పదేళ్లకు గానీ తెలియదు. సరుకు కంటికి కనబడదు, ఇంటికి తెచ్చుకునే వీలు లేదు, పాతబడేదాకా ఎవరూ అడగరు. అడిగేనాటికి అమ్మిన కంపెనీ మూతపడి ఉంటుంది.

2. పేరు లేని పీపాను పేరున్న ధరకు కొంటున్నారు. ఇది చాలామందికి తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. బాల్వెనీ పీపాలో చెంచాడు గ్లెన్‌ఫిడిచ్ పోస్తే చట్టం ప్రకారం అది సింగిల్ మాల్ట్ (ఒకే డిస్టిలరీ మాల్ట్ విస్కీ) కాదు, బ్లెండెడ్ మాల్ట్ (వేర్వేరు డిస్టిలరీల మాల్ట్ విస్కీ కలిపినది). వ్యాపారంలో దాన్ని "బర్న్‌సైడ్" అంటారు. గ్లెన్‌ఫిడిచ్‌లో బాల్వెనీ చెంచాడు పోస్తే "వార్డ్‌హెడ్". తమ పేరు బయటి సీసాల మీద పడకుండా కంపెనీ తీసుకునే జాగ్రత్త అది. న్యాయమైనదే, తప్పు పట్టడానికి లేదు. కొన్ని డిస్టిలరీలు చెంచా పోయవు గానీ పేరు వాడకూడదన్న షరతు మీదే పీపా ఇస్తాయి. అందుకే "స్పేసైడ్ కుటుంబ డిస్టిలరీ" అని మాత్రమే రాసిన సీసాలు బజారులో కనిపిస్తాయి. అయితే ఫోన్లో అమ్మేవాడు "ఇది బాల్వెనీయే, పైకి పేరు వేరు" అని బాల్వెనీ ధర తీసుకుంటాడు. తిరిగి అమ్మబోతే కొనేవాడు సీసా మీద ఏ పేరు వేసుకోవచ్చో చూసి ధర కడతాడు. ఆ తేడా అంతా కొన్నవాళ్ల నెత్తిన పడుతుంది.

3. పీపాలో ఎంత మిగిలిందో ఎవరూ చెప్పరు. 250 లీటర్లు పట్టే హాగ్స్‌హెడ్ రకం పీపాను 63.5 శాతం బలంతో నింపితే అందులో స్వచ్ఛమైన ఆల్కహాల్ దాదాపు 159 లీటర్లు. ఏడాదికి 2 శాతం ఆవిరైపోతుందనుకుంటే పదేళ్లకు మిగిలేది 130 లీటర్లు. పలక సందు వదులైతే ఇంకా తక్కువ. స్కాట్లండ్ చెమ్మగాలిలో పరిమాణంతో పాటు బలమూ ఏటా తగ్గుతుంది. 40 శాతం కంటే కిందికి దిగితే దాన్ని స్కాచ్ అని అమ్మడానికి చట్టం ఒప్పుకోదు. ముప్పై ఏళ్లు ఉంచితే ముప్పై రెట్లు అని నమ్మించినవాడు ఈ గీత సంగతి ఎత్తడు. అలసిపోయిన పాత పీపాలో పోసిన విస్కీ ఎన్నేళ్లున్నా పెద్దగా మారదన్న మాటా ఎత్తడు.

4. సుంకం లెక్క చివర్లో బయటపడుతుంది. ఆ 130 లీటర్లను 46 శాతానికి నీళ్లు కలిపి 700 మిల్లీలీటర్ల సీసాల్లో నింపితే 400 సీసాలు వస్తాయి. బాండ్ నుంచి బయటికి తీయాలంటే, 2025 ఫిబ్రవరిలో వచ్చిన, స్వచ్ఛమైన ఆల్కహాల్ లీటరుకు 32.79 పౌండ్ల రేటు చొప్పున అప్పట్లో దాదాపు 4,260 పౌండ్ల సుంకం కట్టాల్సి వచ్చేది. దానిపైన 20 శాతం వ్యాట్. సీసా, బిరడా, లేబులు, నింపే కూలి, ఏళ్ల తరబడి గిడ్డంగి అద్దె వేరే.

5. ఊరికి తెచ్చుకోవచ్చన్న ఆశ పెడుతున్నారు. సింగిల్ మాల్ట్‌ను 2012 నవంబరు నుంచి స్కాట్లండ్‌లోనే సీసాల్లో నింపాలి. ఏ రకం స్కాచ్‌నైనా చెక్క పీపాతో దేశం దాటించడం నిషేధం. సీసాలుగా తెద్దామన్నా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ మద్యం టోకు వ్యాపారం ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ల చేతిలో ఉంది. విడి మనిషి 400 సీసాలు తెచ్చి అమ్ముకునే దారి లేదు. 2025 జులైలో భారత్, బ్రిటన్ సంతకాలు చేసిన ఒప్పందం ప్రకారం స్కాచ్‌పై దిగుమతి సుంకం 150 శాతం నుంచి మొదట 75కి, పదేళ్లలో 40కి తగ్గాలి. అది సీసాలు ఎగుమతి చేసే మీ కంపెనీలకు మేలు. ఒక్క పీపా కొన్న ఉద్యోగికి దానితో సంబంధం లేదు. అయినా ఫోన్లలో ఇప్పుడు అదే పాట.

మా ఊళ్లలో సెంటు భూమి కొనాలన్నా ముందు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయిస్తారు. ఆ సర్వే నంబరు మీద ఎవరెవరు కొన్నారో, తాకట్టు ఉందో లేదో అందులో తెలుస్తుంది. అంతకంటే ఎక్కువ డబ్బు పోసి కొనే పీపాకు అలాంటి కాగితం ఇచ్చేవాళ్లు లేరు. ఖాతాదారు వివరాలు బయటపెట్టకూడదన్న చట్టం ఉందని మీరు అంటారు. ఆ చట్టాన్ని మేమూ గౌరవిస్తాం. ఎవరి పేరూ చెప్పమని మేం అడగడం లేదు. "ఈ నంబరు పీపా నా పేరు మీద ఉందా?" అని అడిగిన మనిషికి ఉంది, లేదు అన్న ఒక్క ముక్క చెప్పడం ఏ గోప్యతకు భంగం? చిన్న కొనుగోలుదార్లకు జవాబులిస్తూ కూర్చుంటే పని సాగదని ఇంకో అభ్యంతరం. దానికి రుసుము పెట్టండి, కడతారు.

అందుచేత మా కోరికలు ఇవి:

1. పీపా నంబరు, నింపిన ఏడాది, డిస్టిలరీ పేరు రాసి, తన గుర్తింపు పత్రం జతచేసి అడిగినవారికి పది పనిదినాల్లో రాతపూర్వక జవాబు ఇవ్వాలి. పీపా గిడ్డంగిలో ఉందా, అడిగినవారి పేరు మీద ఉందా, దాని మీద తాకట్టు గానీ బాకీ గానీ ఉందా అన్న మూడు ప్రశ్నలకే.

2. డెలివరీ ఆర్డర్ అందిన సంగతి, పేరు మార్చిన సంగతి గిడ్డంగి నేరుగా కొన్నవారికే తెలపాలి. మధ్యవాడి ద్వారా పంపిన కాగితం చాలదు. మోసంలో ఎక్కువ భాగం ఈ ఒక్క అడుగుతో ఆగుతుంది. మిగతావన్నీ కుదరకపోయినా దీన్ని మాత్రం వదలకండి.

3. డిస్టిలరీ మొదటిసారి పీపా అమ్మేటప్పుడే, ఈ పీపాలోని సరుకుకు మా పేరు వాడవచ్చు లేదా వాడకూడదు అని కాగితం మీద స్పష్టంగా రాయాలి. చెంచా పోసిన పీపా అయితే బ్లెండెడ్ మాల్ట్ అని రాయాలి. ఆ వాక్యం పీపా చేతులు మారిన ప్రతిసారీ కాగితంతో పాటు వెళ్లాలి.

4. తిరిగి కొలిచే రుసుము అందరికీ తెలిసేలా ప్రకటించాలి. బిరడా తీసి, కొలకర్ర ముంచి, హైడ్రోమీటరుతో బలం చూసి, మిగిలిన లీటర్లూ బలమూ రాసివ్వడం అరగంట పని. అయిదేళ్లకోసారైనా యజమాని అడిగితే కాదనకూడదు. బలం 45 శాతానికి దిగిన పీపాల యజమానులకు గిడ్డంగే ముందుగా కబురు పెట్టాలి.

5. అద్దె, బీమా బాకీల నోటీసులు పుస్తకంలో ఉన్న అసలు యజమానికి కూడా వెళ్లాలి. మధ్యవాడు అద్దె ఎగ్గొడితే ఆ బాకీ కింద పీపా పోతుంది, కొన్నవారికి కబురే అందదు.

6. మీ కుటుంబం పేరు, ఫోటోలు, మీ డిస్టిలరీ చరిత్ర వాడుకుని పీపాలు అమ్మే హక్కు మీరు ఎవరికిచ్చారో జాబితా ప్రకటించాలి. ఎవరికీ ఇవ్వకపోతే ఆ మాటే రాయండి. తాతల నాటి కథలు అమ్మకం కరపత్రాల్లోకి ఎక్కాయని మీకూ తెలుసు.

ఇప్పటికే కొన్నవారికి ఇక్కడే ఒక మాట. అమ్మినవాడిని ఇంకో ధ్రువపత్రం అడగకండి. పీపా నంబరు, పీపా రకం, నింపిన తేదీ, నింపినప్పటి లీటర్లు, గిడ్డంగి పేరు రాసివ్వమనండి. గిడ్డంగి పేరు చెప్పనంటే అక్కడే అనుమానించండి. పేరు తెలిశాక గిడ్డంగికి మీరే రాయండి. మీ పేరు మీద లేదంటే అమ్మినవాడి చేత డెలివరీ ఆర్డర్ రాయించి, నకలు మీరూ పంపండి. తిరిగి కొలిచిన కాగితం ఏడాది కంటే పాతదైతే కొత్తగా కొలిపించండి. అమ్మిపెడతాం, ముందు కొంత రుసుము కట్టండి అని కొత్తగా ఇంకెవరైనా ఫోన్ చేస్తే కట్టకండి. మోసపోయినవాళ్ల జాబితాలు చేతులు మారుతుంటాయి. ఒకసారి పోగొట్టుకున్నవాళ్లకే రెండో ఫోన్ వస్తుంది. బ్రిటన్‌లో ఉంటే పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి. సిగ్గుపడి దాచుకోవడం వల్లే ఈ వ్యాపారం నడుస్తోంది.

యజమానులారా, ఈ ఆరింటిలో ఒక్కదానికీ కొత్త చట్టం అక్కర్లేదు. ప్రతి పీపా నంబరూ మీ పుస్తకాల్లో ఉంది. ఎక్సైజు అధికారులు అడిగితే గంటలో చూపిస్తారు. డబ్బు పెట్టి కొన్న మనిషికి అందులో ఒక్క వరుస చూపించమని అడుగుతున్నాం. వచ్చే మూడు నెలల్లో ఏ కోరికను ఎప్పటి నుంచి అమలు చేస్తారో, దేన్ని ఏ కారణంతో కాదంటారో అంశాల వారీగా, అందరూ చదివేలా జవాబివ్వండి. మొదట ముందుకొచ్చిన డిస్టిలరీ పేరూ, గిడ్డంగి పేరూ తెలుగులో అందరికీ తెలియజేసే బాధ్యత మాది.

ఇట్లు,
బ్రిటన్‌లో పీపాల లెక్కలు చూసే కొందరు తెలుగువాళ్లు